వీసాకి మాత్రం మద్రాసే

మా ఎమ్మిగనూరు ఒకప్పుడు ఆదోని తాలూకా, బళ్ళారి జిల్లా, మద్రాసు రాష్ట్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలు జిల్లాలో కలిశాం. 1956లో రాజధాని హైదరాబాదయింది. ఇక మద్రాసుతో పని తీరిపోయిందనుకున్నారు మా పెద్దలు. అమెరికా వీసాకి మాత్రం ఇంకో యాభై ఏళ్ళు తీరలేదు!

2007లో అమ్మా నాయనల టూరిస్టు వీసాకి చెన్నై వెళ్ళాల్సి వచ్చింది. ఆదోని దాకా బస్సు, అక్కణ్ణుంచి రాత్రి రైలు. నాయన చంకలో ఫైలు, అందులో పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, నా జీతం స్లిప్పులు.

ఎందుకివన్నీ అంటే, 1952 నాటి అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. వచ్చేవాడు అక్కడే ఉండిపోతాడని ముందే అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే.

"చేను ఈడుంటే నేనాడ ఏం జేస్తా?" అన్నాడు నాయన. దానికి ఫారంలో గడి లేదు మరి.

హైదరాబాదులో 2008 అక్టోబరులో పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచి, 2009లో వీసాలు మొదలుపెట్టారు. 2023లో అది నానక్‌రాంగూడకి మారింది. మనకి దూరం తగ్గింది. 214(బి) మాత్రం కదల్లేదు.

తమాషా ఏమిటంటే, 1990 చట్టం తర్వాత మన హెచ్1బీలకి ఆ అనుమానం వర్తించదు. తిరిగొస్తాడో లేదో తెలియని కొడుకుని ఎవరూ అడగరు. నెల తిరక్కముందే చేను గుర్తొచ్చే తండ్రి మాత్రం రుజువులు చూపించాలి.