ఎత్తు మీద నిలబడి ఫొటో తీసే హక్కు

హైదరాబాద్‌లో ఎత్తైన చోట్లకు ఏనాడూ కరువు లేదు. రాతి గుట్టల నడుమ పుట్టిన ఊరు ఇది. గోల్కొండలో బాలా హిస్సార్, ఈశాన్యాన మౌలాలి గుట్ట, హుస్సేన్‌సాగర్ పక్కన నౌబత్ పహాడ్, దక్షిణాన ఫలక్‌నుమా కొండ: ఏ వైపు వెళ్లినా ఊరంతా కంటికి ఆనే మెట్టు ఒకటి ఉంటుంది. అయినా ఈ నగరాన్ని పైనుంచి తీసిన పాత ఫొటోలు దొరికేవి కొద్ది, అవీ కొద్దిమంది తీసినవే. దీనికి మామూలుగా చెప్పే కారణం కెమెరా. మొదట్లో అది బరువైనది, ఖరీదైనది, తర్వాత చిన్నదైంది, చివరికి ఫోన్‌లో చేరింది, దాంతో అందరూ ఫొటోగ్రాఫర్లయ్యారు అంటారు. ఈ కథలో సగమే నిజం. ఎత్తు మీది నుంచి తీసే ఫొటోకు హైదరాబాద్‌లో కెమెరా కన్నా అనుమతే పెద్ద అడ్డు. ఇంకా చెప్పాలంటే, కెమెరా చౌకైన కొద్దీ ఎత్తైన చోట్లు ఒక్కొక్కటిగా దానికి మూసుకుపోయాయి. ఈ మాటకు గట్టి రుజువు కొండల మీద కన్నా, నేలంతా చదును చేసిన శంషాబాద్ విమానాశ్రయం దగ్గర దొరుకుతుంది.

మొదట ఈ ఎత్తులు చూడటానికి కట్టినవి కావు, కనిపెట్టుకుని ఉండటానికి కట్టినవి. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర కాపలావాడు చప్పట్లు కొడితే కొండ కొమ్మున బాలా హిస్సార్‌లో వినిపించేదని ఇప్పటికీ గైడ్లు కొట్టి మరీ చూపిస్తారు. 1687లో ఔరంగజేబు సేన ఈ కోటను పట్టుకునే దాకా ఆ కొమ్ము మీది నుంచి దూరం చూడటం సుల్తాను మనుషుల పని. నౌబత్ పహాడ్ మీద నగారా మోగేది ఏలేవాళ్ల ఫర్మానా చాటడానికి. ఊళ్లోవాళ్లు పైనుంచి వచ్చేది వినాలి, పైకెక్కి చూడనక్కర్లేదు.

కెమెరా వచ్చాక ఈ ఏర్పాటు మారిందా? రాజా దీన్‌దయాళ్ సంగతి చూస్తే మారలేదనే తేలుతుంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ కొలువు చేసిన మనిషి ఆయన. భవనాన్ని ఎక్కడి నుంచి చూస్తే దాని కొలతలన్నీ ఒక్క చూపులో తెలుస్తాయో ఆయనకు తెలుసు. 1880ల నడుమ హైదరాబాద్ రాజ్యానికి వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. 1892 నాటి ఆయన ఆల్బం ఒకటి నిజాం రాజ్యపు దృశ్యాలన్న పేరుతోనే ఉంది. ఆ ఫొటోల వెనక శ్రమ తక్కువ కాదు. చెక్క కెమెరా, దాని కాళ్ల స్టాండు, పగిలితే పని మొత్తం పోయే గాజు పలకలు: ఇవన్నీ కూలీలు మోసుకుని గుట్ట ఎక్కాలి. 1880లకు పొడి పలకలు రావడంతో, పలకకు అక్కడికక్కడ మందు పూసుకోవడానికి చీకటి గుడారం మోసుకెళ్లే బాధ తప్పింది గానీ, బరువు తప్పలేదు. దూరం మొత్తం స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం చిన్నది చేసి వెలుతురు కోసం ఆగాలి. ఆ లోగా కదిలినవాళ్లు మసకబారతారు. అందుకే ఆ కాలపు దృశ్యాల్లో గోడలు, గోపురాలు నిక్కచ్చిగా ఉంటాయి, మనుషులు మాత్రం ఉన్నారో లేరో తెలియదు. అయితే ఫలక్‌నుమా గుమ్మంలోకి ఆ స్టాండును చేర్చింది కూలీల భుజాలు కావు, దొరవారి మాట. ఇంజినీరు చూపు దీన్‌దయాళ్‌ది, చూడనిచ్చిన చోటు మాత్రం దివాణానిది. ఆయన పలకల్లో చార్మినార్, గోల్కొండ, ఫలక్‌నుమా, చౌమహల్లా ఇంత దర్జాగా నిలిచాయంటే అందులో ప్రతిభతో పాటు ఈ కొలువుకూ వాటా ఉంది.

అది ఖర్చు సంగతే గదా, అందరికీ కెమెరా ఉంటే అందరూ ఎక్కేవాళ్లే అని ఎవరైనా అనవచ్చు. తర్వాత జరిగింది ఆ మాటకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1900లో కోడక్ కంపెనీ ఒక్క డాలరుకు బ్రౌనీ కెమెరా అమ్మకానికి పెట్టింది. అప్పటికి మూడేళ్ల కిందటే ఫలక్‌నుమా ప్యాలెస్ దాన్ని కట్టించిన వికారుల్ ఉమ్రా చేతి నుంచి నిజాం చేతికి వెళ్లింది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ అక్కడే కన్నుమూశాక ఆ ప్యాలెస్ మామూలు జనానికి అందకుండానే ఉండిపోయి, 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. అంటే కెమెరా సామాన్యుడి చేతికొచ్చిన శతాబ్దమంతా నగరపు దక్షిణపు కొండ తాళంలోనే ఉంది. ఇప్పుడు తెరిచినా అతిథులకు, టికెట్టు కొన్నవాళ్లకు. నౌబత్ పహాడ్ మీద 1976లో బిర్లా మందిరం పూర్తయింది. పాలరాతి మెట్ల మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌ను, జంట నగరాలను ఎవరైనా చూడొచ్చు, పైసా కట్టనక్కర్లేదు. కానీ ఫోను, కెమెరా కింద కౌంటర్లో ఇచ్చి పైకెక్కాలి. గుడికి గుడి కారణాలున్నాయి, వాటిని తప్పు పట్టడం లేదు. ఫలితం మాత్రం ఒకటే: ఊళ్లోకెల్లా మంచి వ్యూ పాయింట్లలో ఒకటి కళ్లకు అందుతుంది, ఫొటోకు అందదు. చార్మినార్‌లోనూ టికెట్టు కొన్నవాళ్లకు మొదటి అంతస్తు దాకానే దారి.

విమానం వచ్చాక ఈ తంతు చట్టంలోకి ఎక్కింది. బ్రిటిష్ ఇండియాలో 1923 అధికార రహస్యాల చట్టం నిషిద్ధ ప్రదేశాలను గుర్తించింది. 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానంలో నుంచి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయకూడదంది. సంస్థానం విలీనమయ్యాక బేగంపేట విమానాశ్రయానికీ అదే వర్తించింది. అయినా దేశంలో చాలా విమానాశ్రయాల్లో టికెట్టు కొని విజిటర్స్ గ్యాలరీలో నిలబడి విమానాలు చూసే రోజులు ఒకప్పుడుండేవి. అవి పోవడానికి కారణాలు ఊహించినవి కావు, జరిగినవి. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్, 1984లో మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో పేలుడు, 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేల్చివేత, 1999 డిసెంబరులో కాందహార్ హైజాక్. 1976 తర్వాత పౌర విమానయాన భద్రతకు ప్రత్యేక విభాగం పుట్టింది, అది 1987లో స్వతంత్ర బ్యూరో అయింది. కాందహార్ తర్వాత 2000 నుంచి విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్‌కు వెళ్లింది. అమెరికా ప్రయాణాలు జోరందుకున్న 1990లలో బేగంపేటలో ఒక్కడి కోసం రెండు జీపుల చుట్టాలు వచ్చి, బొట్టు పెట్టి, దండ వేసి, గుమ్మం బయటే గ్రూప్ ఫొటో దిగేవాళ్లు. ఆ ఫొటోల్లో విమానం ఉండదు. ఎయిర్‌పోర్టు అని తెలిపేది ట్రాలీ ఒక్కటే.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలై బేగంపేట మామూలు విమానాలకు మూతపడింది. గొల్లపల్లి, మామిడిపల్లి చుట్టుపక్కల దాదాపు 5,500 ఎకరాలు విమానాశ్రయానికి వెళ్లాయి. ఈ మార్పులో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. విమానాశ్రయం తన చుట్టూ ఎత్తును లేవనివ్వదు. పెద్ద రన్‌వేకు దాదాపు 4 కిలోమీటర్ల లోపు సాధారణంగా 45 మీటర్లు దాటి ఏదీ నిలబడకూడదన్నది అంతర్జాతీయ కొలత. దూరం పెరిగిన కొద్దీ ఆ గీత మెల్లగా పైకి లేస్తుంది. 2015లో కేంద్రం తెచ్చిన ఎత్తు నియమాల ప్రకారం 20 కిలోమీటర్ల దాకా కట్టడానికి విమానాశ్రయాల అథారిటీ ఎన్‌ఓసీ సంగతి చూసుకోవాలి. దీనికి తోడు వాయవ్యం వైపు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో శంషాబాద్ మండలపు ఊళ్లలో కట్టడాలను ఏళ్ల తరబడి అణచి ఉంచింది. మాదాపూర్, కోకాపేట ఆకాశాన్ని అంటుతుంటే శంషాబాద్ ఇంకా పొట్టిగానే ఉండటానికి ఇదీ ఒక కారణం. ఈ ప్రాంతంలో కంటికి కొట్టొచ్చేటంత ఎత్తున లేచింది 2022లో ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం. అది కింద నిలబడి తలెత్తి చూడాల్సింది.

ఇంత చదునైన చోట, ఇంత కట్టడి మధ్య, ఈ నగర చరిత్రలోకెల్లా పెద్ద వ్యూ పాయింట్ ఒకటి తయారైంది. అది విమానం కిటికీ. 2004 డిసెంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) ఇచ్చిన అనుమతితో షెడ్యూల్డ్ విమానాల్లో మామూలు ప్రయాణికులు కిటికీ లోంచి ఫొటో, వీడియో తీసుకోవచ్చు. రక్షణ శాఖ విమానాశ్రయాల్లో విమానం లేచే, దిగే వేళ మాత్రం కూడదు. 2020లో ఒక విమానంలో మీడియావాళ్ల తోపులాట తర్వాత హడావుడిగా వచ్చిన హెచ్చరికకు వివరణ ఇస్తూ డీజీసీఏ ఈ పాత అనుమతినే మళ్లీ గుర్తు చేసింది. 2025 మేలో రక్షణ విమానాశ్రయాల మీద కట్టడి మరింత బిగిసినా శంషాబాద్ ఆ కోవలోది కాదు. ఇక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. చలికాలం తూరుపు గాలికి విమానం పడమటి నుంచి దిగేటప్పుడు ఎడమ కిటికీలో హిమాయత్‌సాగర్ పరుచుకుంటుంది. నైరుతి గాలుల్లో పడమటికి లేచేటప్పుడు అదే నీళ్లు కుడి కిటికీకి వస్తాయి. అద్దం దగ్గర సాయం చేసేదేమీ ఉండదు. మనకు అందే లోపలి పలక నిండా గీతలు, మధ్య పలకకు చిన్న రంధ్రం, దాని చుట్టూ మంచు పొర, క్యాబిన్ లైటు నీడ, సగం ఫొటోలో రెక్క. అయినా దీన్‌దయాళ్‌కు నిజాం మాట మీద దొరికిన చూపు కన్నా ఇది విశాలం. ఏటా ఈ విమానాశ్రయం దాటే రెండు కోట్ల పైచిలుకు జనంలో ఫోను లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టికెట్టు కొన్నవాడి హక్కును అందరి హక్కు అంటారా అని అడిగితే, ఆ అభ్యంతరం న్యాయమే. కిటికీ సీటు ఎక్కువమందికి దొరికింది గాని అందరికీ దొరకలేదు. ఎయిర్‌పోర్టు కోసం భూమి ఇచ్చిన ఊళ్లవాళ్లలో విమానం ఎక్కనివాళ్లకు రన్‌వే అంటే ప్రహరీ అవతల వినిపించే మోత. నేల మీద నుంచి చూపు అందాలంటే గ్యాలరీ కావాలి, అది శంషాబాద్‌లో లేదు. 13వ నియమం ‘ప్రభుత్వ విమానాశ్రయం’ అంటుంది గదా, ఇది జీఎంఆర్ నడిపేది, కేంద్ర అథారిటీకీ రాష్ట్రానికీ చెరి 13 శాతమే వాటా అని వకీళ్లు వాదించుకోవచ్చు. గేటు దగ్గర జవాను ముందు ఆ వాదన నిలవదు.

ఇక మిగిలేది భద్రత, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పైన చెప్పిన నాలుగు ఘటనల్లో మూడింటిలో పోయినవి నిజమైన ప్రాణాలు. కానీ ఆ నాలుగింటిలో ఏదీ గ్యాలరీలో నిలబడి తీసిన ఫొటో వల్ల జరగలేదు. ముప్పు విమానం లోపలికి చేరిన, లేదా చేర్చబోయిన మనుషులతో, సామానుతో వచ్చింది. దానికి మందు తనిఖీ. రన్‌వే ఎక్కడుందో, ఎంత పొడవుందో దాచడమే లక్ష్యమైతే ఆ కాలం దాటిపోయింది. శంషాబాద్ మీదుగా వెళ్లే బెంగళూరు హైవేలోనే దక్షిణాన షాద్‌నగర్ ఉంది. అక్కడి కేంద్రం 1979 నుంచి ఉపగ్రహ చిత్రాలను అందుకుంటోంది. ఆ చిత్రాల్లో ఎంత సూక్ష్మమైనవి జనానికి ఇవ్వొచ్చన్న గీతను ప్రభుత్వమే 2001లో 5.8 మీటర్ల దగ్గర, 2011లో 1 మీటరు దగ్గర గీసింది, 2021 ఫిబ్రవరిలో మ్యాపుల నియమాలను మరింత సడలించింది. ఆకాశం నుంచి తీసిన బొమ్మకు తలుపు తీసి, డాబా మీది నుంచి తీసే బొమ్మకు గొళ్లెం పెట్టడంలో తర్కం కనిపించదు. డ్రోన్ల సంగతి వేరు. అవి విమానానికే అడ్డుపడగలవు కాబట్టి 2021 డ్రోన్ నియమాలు విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా వాటిని కట్టడి చేయడం సబబే. మెట్టు మీద కదలకుండా నిలబడ్డ మనిషిని ఆ లెక్కలో చేర్చలేం. టోక్యో హనేడాలో టెర్మినళ్ల పైన చూసే డాబాలు జనానికి తెరిచే ఉన్నాయి, జూరిక్‌లో చిన్న రుసుముతో పంపుతారు. ఆ దేశాలకు భద్రత పట్టదని ఎవరూ అనరు.

వినోదం ఎక్కడైనా దొరుకుతుంది, దీనికింత వాదన ఎందుకనేవాళ్లకు చరిత్రే జవాబు. గొల్లపల్లి చేలు ఎలా ఉండేవో ఇవాళ పైనుంచి చూడాలంటే పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేయాలి. అందులో బావి కనిపించదు, చింతచెట్టు కింద మనిషి అసలే కనిపించడు. మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా రన్‌వే వైపు నుంచి తీసిన శంషాబాద్ ఫొటోల్లో ఎక్కువ భాగం ప్రచారానికి తీసినవి, అంటే మళ్లీ ఆస్థాన ఫొటోలే. మామూలు మనుషులు తీసినవి లేకపోతే, వచ్చే తరానికి ఈ విమానాశ్రయం ప్రచారపు బ్రోషర్లలో కనిపించినట్టే మిగులుతుంది.

అందుకే విమానాశ్రయం నడిపేవాళ్లనూ, అందులో వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వాన్నీ అడగాల్సింది పెద్దదేమీ కాదు. తనిఖీ గీతకు ఇవతల, బయటివాళ్లు రాగలిగిన వైపు, 45 మీటర్ల గీతకు ఎంతో కిందనే ఒక డాబా కట్టండి. లోపలికి పంపే ముందు సంచులు చూడండి, డ్రోన్లు ఆపండి, నామమాత్రం రుసుము పెట్టండి, చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లలకు అదీ వద్దు. కెమెరాను మాత్రం కౌంటర్లో పెట్టమనకండి.