మోకీలు కథ: ఏనుగు దంతం నుంచి కోబాల్ట్ దాకా

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా.

జింజ్‌లో మా రూమ్‌లో ఉండే టైల్స్ మేస్త్రికి నలభై రెండేళ్ళు. కుడి మోకాలు లోపలి వైపు అరిగింది. "మోకీలు మార్పించుకొమ్మంటున్నరు, ఏం జేద్దామన్నా?" అని మొన్న శుక్రవారం అడిగిండు. నేను ఐటీఐ వాణ్ణి, డాక్టర్‌ను కాదు. కానీ ఈ ఆపరేషన్లు ఎట్లా పుట్టాయో చదివితే ఆయన ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్, క్షయతో పాడైన మోకాలికి ఏనుగు దంతంతో చేసిన కీలు బిగించాడు. మన తలుపు మడతబందు లాంటిదే. ఇన్ఫెక్షన్ వచ్చి ఆ కీళ్ళు నిలవలేదు. అసలు మోకాలు తలుపులా ఒక్క ఇరుసు మీద తిరగదు, మడుస్తుంటే కొంచెం దొర్లుతుంది, కొంచెం జారుతుంది. దానికి తగ్గట్టు కీలు చేసినవాడు కెనడాకు చెందిన ఫ్రాంక్ గన్‌స్టన్. ముందు ఇంజినీరింగ్ చదివి తర్వాత డాక్టర్ అయ్యాడు (మనోడే అనిపించింది నాకు). 1960ల చివర ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ దగ్గర పనిచేశాడు. చార్న్‌లీ అప్పటికే పళ్ళ డాక్టర్లు వాడే అక్రిలిక్‌తో తుంటి కీళ్ళు అతికిస్తున్నాడు. దాన్ని కూడా సిమెంటు అనే అంటారు, కానీ క్యూరింగ్ అక్కర్లేదు, నిమిషాల్లో గట్టిపడుతుంది.

ఇప్పుడు చేసే పూర్తి మార్పిడికి మూలమైన డిజైన్ 1974 నాటిది. న్యూయార్క్‌లో ఇన్సాల్, రణావత్, ఇంజినీర్ వాకర్ కలిసి చేశారు. 2000లో ముంబైలో వాజ్‌పేయి గారి మోకాలికి ఆపరేషన్ చేసింది ఆ రణావతే. 2017లో మన కేంద్ర ప్రభుత్వం కోబాల్ట్ క్రోమియం కీలుకు 54,720 రూపాయలు, పైన జీఎస్టీ, అని ధర కట్టింది. అంతకుముందు సగటున లక్షన్నర దాటేది. ఇది కీలు ధరే, ఆసుపత్రి ఖర్చు వేరే.

మా మేస్త్రికి పనికొచ్చే కథ మాత్రం వేరు. లోహపు కీలు కింద ప్లాస్టిక్ ఉంటుంది, అది ఏళ్ళ మీద అరుగుతుంది. నలభైల్లో వేయించుకుంటే ఇంకోసారి మార్చాల్సి రావచ్చు. పైగా మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ వేయడం చాలామందికి కష్టమవుతుంది. 1965లో మాయో క్లినిక్ సర్జన్ మార్క్ కోవెంట్రీ ఇంకో పద్ధతి గురించి రాశాడు. కాలు దొడ్డిగా వంగినప్పుడు బరువంతా లోపలి వైపే పడుతుంది. కీలును ముట్టకుండా, దాని కింది ఎముకను కోసి, తూకం గుండు వేసినట్టు కాలును సరిచేస్తారు. బరువు బాగున్న వైపుకు మళ్ళుతుంది. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, మరి జీతం సంగతి చూసుకోవాలి. అరుగుదల ఒక్క వైపే ఉన్నవాళ్ళకు సగం కీలు మార్చే పద్ధతి 1970ల నుంచి ఉంది.

"చిన్న రంధ్రం పెట్టి కడిగిస్తే పోతుంది" అని కూడా ఎవరో చెప్పారట. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద చూశారు. కొందరికి నిజంగా కడిగారు, కొందరికి చర్మం మీద గాటు మాత్రమే పెట్టారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు.

మేస్త్రి వచ్చే నెల ఊరికి పోతున్నాడు. కాలు వంకర బరువు మీదే తెలుస్తుంది కాబట్టి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి. ఆయన సంచిలో ఉన్నది పడుకోబెట్టి తీసింది.