మాంసంలో చక్కెర లేదు, అయినా పథ్యం ఎందుకు?

"మాంసంలో చక్కెర లేదు కదా, మధుమేహం ఉన్నవారు ఎంత తింటే మాత్రం ఏమవుతుంది?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతుంటారు. ఇది కొత్తది కాదు. వైద్యులు ఏ కాలంలో దేనిని కొలవగలిగారో, ఆ కాలపు సమాధానం దానిని బట్టే ఉంది.

చరక సంహిత ప్రమేహానికి కారణాలు చెబుతూ సుఖాసనం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలతో పాటు పెంపుడు జంతువుల మాంసాన్నీ, నీటిలోనూ చిత్తడి నేలల్లోనూ తిరిగే జీవుల మాంసాన్నీ పేర్కొంది. మెట్టప్రాంతాల్లో తిరిగే జీవుల మాంసాన్ని మాత్రం చికిత్సలో పథ్యంగా అనుమతించింది. అంటే మాంసమంతా ఒక్కటి కాదన్న వివేకం మన ప్రాచీనులకు ఉంది.

ఐరోపాలో ఈ చర్చ 1797లో ఒక మలుపు తిరిగింది. బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ రోలో, మెరెడిత్ అనే అధికారికి దాదాపు పూర్తిగా మాంసాహారం పెట్టిన వృత్తాంతాన్ని ఆ ఏడాది ప్రచురించాడు. జంతువుల రక్తం, కొవ్వు కలిపి చేసిన వంటకాలు, నిల్వ మాంసం అందులో ముఖ్యమైనవి. రోగి మూత్రంలో తీపి తగ్గింది. ఆనాటి వైద్యునికి అందుబాటులో ఉన్న ప్రధానమైన కొలమానం అదే. పిండిపదార్థాలు తగ్గితే చక్కెర తగ్గుతుందన్న రోలో పరిశీలన సరైనదే.

1870-71లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరంలో తిండి కరువైంది. తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గడం వైద్యుడు బుషార్దా గమనించాడు. ఏమి తింటున్నామన్నదే కాక, ఎంత తింటున్నామన్నదీ ముఖ్యమని తేలింది. మితాహారాన్నీ వ్యాయామాన్నీ ఆయన బోధించాడు.

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల బాలునికి ఇన్సులిన్ ఇచ్చారు. అంతవరకు త్వరగా మరణించే రోగులు దశాబ్దాలపాటు జీవించసాగారు. అప్పుడే గుండె, మూత్రపిండాలు, కళ్లకు కలిగే హాని స్పష్టంగా బయటపడింది. మధుమేహం ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు రెండు మూడు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 1979లో చూపింది. రోలో కొలవలేని నష్టం ఇదే.

దాదాపు 20 లక్షల మంది వివరాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ 2024లో వెలువడింది. రోజుకు 100 గ్రాముల ఎర్ర మాంసం, అంటే మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసం వంటిది, తినేవారిలో మధుమేహం వచ్చే ముప్పు 10 శాతం ఎక్కువగా కనిపించింది. సాసేజి, బేకన్ వంటి నిల్వ మాంసం 50 గ్రాములకే అది 15 శాతం. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప మాంసమే కారణమని రుజువు చేయదు.

కనుక మటన్ బిర్యానీ తిన్నాక గ్లూకోమీటరు చూపే పెరుగుదలకు ప్రధాన కారణం అన్నం. మాంసంలోని సంతృప్త కొవ్వు గుండెకు చేసే చేటును ఆ యంత్రం చూపదు. కొవ్వు తీసిన మాంసాన్ని అప్పుడప్పుడు, కొద్దిగా, కూరగాయలతో కలిపి తీసుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు అన్నం మానేసి మాంసమే తింటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు సరిచూసుకోకుండా అలాంటి పథ్యం మొదలుపెట్టరాదు.