లారీకి రీట్రేడ్ టైర్లు కొనొచ్చా? వెనక ఓకే.. ముందు వద్దు!

అనంతపురం మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారిపై తిరిగే లారీల ఓనర్లకు టైర్ల ఖర్చు పెద్ద భారం. అరిగిన టైరు పైపొర గీకేసి, కొత్త రబ్బరు అతికించడమే రీట్రేడింగ్. ఖర్చు సాధారణంగా కొత్త టైరులో సగంలోపే.

అయితే లోపలి కేసింగ్ గట్టిగా ఉంటేనే లాభం. పక్కలు ఉబ్బినా, తీగలు తేలినా డబ్బులు దండగే!

వెనక జంట చక్రాలకు వేసుకోవచ్చు. ఒకటి పేలినా పక్కది బండిని నిలబెడుతుంది. ముందు టైరు పేలితే స్టీరింగ్ అదుపు తప్పుతుంది. ఎస్‌యూవీకి జంట చక్రాలుండవు, స్పీడూ ఎక్కువే. కాబట్టి కొత్తవే మేలు.

40 డిగ్రీలు దాటే ఇక్కడి ఎండలకు తక్కువ గాలి, ఓవర్‌లోడ్ తోడైతే అతికించిన రబ్బరు ఊడొచ్చు. అందుకే బయల్దేరే ముందే గాలి చూసుకోవాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరుతో బండి నడపడం నిబంధనలకు విరుద్ధం.