కొలనులో తేలని శవం

శవాన్ని అర్ధరాత్రి తెచ్చి ఈతకొలనులో పడేశారు. రోజులు గడుస్తున్నా తేలదు. ఏదో వంకతో నీళ్లు తీయించేస్తే అడుగున బురదే తప్ప శవం లేదు. ఫ్రెంచి దర్శకుడు ఆన్రీ-జార్జ్ క్లూజో 1955లో విడుదల చేసిన ‘లే దియాబొలిక్’లో అసలు భయం మొదలయ్యేది ఇక్కడే. చంపింది ఎవరో మనకు తెలుసు, కళ్లారా చూశాం. చచ్చినవాడు ఎక్కడికి పోయాడన్నదే తేలదు.

ఈ ఊహ క్లూజోది కాదు. పియెర్ బ్వాలో, తోమా నార్సెజాక్ అనే జంట రచయితలది. ఫ్రాన్స్‌లో సాహస నవలలకిచ్చే బహుమతి బ్వాలోకి 1938లో, నార్సెజాక్‌కి 1948లో వచ్చింది. ఆ రెండోసారి జరిగిన విందులోనే ఇద్దరికీ పరిచయం. డిటెక్టివ్ దర్జాగా వచ్చి ముడులన్నీ విప్పేసే కథలు వాళ్లకు మొహం మొత్తాయి. ఉచ్చులో చిక్కుకున్నవాడి వైపు నుంచి చెబితే ఎలా ఉంటుందని కలిసి రాయడం మొదలుపెట్టారు. 1952లో వచ్చిన నవలలో ఊళ్లు తిరిగే ఒక సేల్స్‌మన్, డాక్టరైన ప్రియురాలితో కలిసి భార్యను స్నానాల తొట్టెలో ముంచి చంపుతాడు. ఆ తర్వాత శవం మాయం.

క్లూజో దీన్ని తిరగేశాడు. సినిమాలో చచ్చేది మొగుడు. చంపేది పెళ్లామూ, అతని ప్రియురాలూ. క్లూజో తన భార్య వేరాకు పెద్ద వేషం ఇవ్వడానికే ఈ మార్పు చేశాడంటారు. కారణం ఏదైనా కథ బాగుపడింది. హాస్టల్ బడి నడిపే ఆ మొగుడు భార్య సొమ్ము తింటూ, కుళ్లిన చేపను అందరి ముందూ ఆమె చేత బలవంతాన మింగిస్తాడు. వాణ్ణి చంపినా పాపం లేదనిపించేలా మనల్ని ముందే సిద్ధం చేస్తాడు దర్శకుడు. అంటే మనమూ ఆ హత్యలో వాటాదారులమే!

నియోర్ పట్టణంలో హత్య జరిగే రాత్రి చూడండి. తొట్టెలోకి నీళ్లు వదిలితే గొట్టాలు హోరెత్తుతాయి. పైవాటాలో అద్దెకున్నవాళ్లకు రేడియో సరిగా వినపడక విసుగు. కింద మనిషి చస్తున్నాడు, పైన వీళ్ల గోల రేడియో గురించి. టైటిళ్లు అయిపోయాక నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. ఆ పని కుళాయిలు, తలుపులు, అడుగుల చప్పుళ్లు చేస్తాయి. ప్రియురాలి వేషంలో సిమోన్ సిన్యొరే ఈ హత్యంతా వంటింటి పనిలా చక్కబెడుతుంది. చివరి మెలికను తీరిగ్గా కూర్చుని తర్కిస్తే నిలబడదేమో గానీ, ఈ పదిహేను నిమిషాలకు మాత్రం వంక పెట్టలేం.

ఆ నవల మీద హిచ్‌కాక్ కూడా కన్నేశాడని, క్లూజో ముందే హక్కులు కొనేశాడని సినిమావాళ్లు చెప్పుకుంటారు. అదే జంట తర్వాత రాసిన నవలతో 1958లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ తీశాడు. ఆయన కోసమే దాన్ని రాశారన్న ప్రచారాన్ని నార్సెజాక్ ఒప్పుకోలేదు. 1960లో వచ్చిన ‘సైకో’ మీద మాత్రం క్లూజో నీడ నాకు స్పష్టంగానే కనిపిస్తుంది: నలుపు తెలుపు, స్నానాలగది, ముగింపు బయటపెట్టొద్దన్న ప్రచారం. ఆ ముచ్చట క్లూజో ముందే తీర్చుకున్నాడు. చివర్లో తెరమీద ఒక విన్నపం వేశాడు: మీరూ రాక్షసులు కాకండి, చూసింది స్నేహితులకు చెప్పి వాళ్ల సరదా చెడగొట్టకండి అని.

గుండెజబ్బు భార్యగా నటించిన వేరా 1960లో, నలభయ్యారేళ్లకే, నిజంగా గుండెపోటుతోనే పోయింది. నటించింది మూడే సినిమాలు, మూడూ భర్త తీసినవే.

1996లో హాలీవుడ్ ఈ కథను షారన్ స్టోన్‌తో మళ్లీ తీసింది. దాని జోలికి పోకండి. పాతది చూడండి, చూశాక ముగింపు ఎవరికీ చెప్పకండి.