మంత్రసానియు, రెండు పుస్తకములును



శిశువు జన్మించుట యొక సంగతి. ఆ జన్మమును సర్కారు పుస్తకమున వ్రాయుట వేరొక సంగతి. మొదటి దానికి మన పల్లెలలో అనాదిగా మంత్రసాని తోడుగా నుండెను. రెండవ దానికై చట్టము వచ్చెను. ఆ చట్టము మంత్రసానిని సాక్షిగా పిలిచినదే గాని, వృత్తిగల మనిషిగా ఆమె పేరు వ్రాసికొనుటకు అంత సులభముగా ఒప్పుకొనలేదు. ఈ చరిత్రమునే నేడు మీకు విన్నవించెదను.

పామిడిముక్కల, వీరంకిలాకు ప్రాంతములందు కాలువయే రహదారిగా నుండిన దినములలో, నడిరేయి నొప్పులు వచ్చిన ఇల్లాలిని బందరుకో గుడివాడకో చేర్చుట యెంత కష్టమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణపాయల నడుమ నున్న దివిసీమవారి కష్టము మఱియు నెక్కువ. అట్టి వేళ పిలిచినంతనే వచ్చునది మంత్రసాని. పెక్కు ఊళ్లలో మంగలి మొదలగు వృత్తికులముల స్త్రీలు, తల్లివద్ద కూతురును అత్తవద్ద కోడలును నేర్చి, ఈ పని చేయుచుండిరి. చేటెడు బియ్యము, తాంబూలము, కలవారింట నొక చీర; ఇదియే వారి ప్రతిఫలము. మంత్రసాని యెదుట మర్మము దాచినట్లని సామెత. అంతటి నమ్మకము గలిగియు, పురుడు వెళ్లిన పిదప ఆమెను మైలపని మనిషిగా దూరముంచిన ఇండ్లును కలవు.

ఆమె చేతిలో నేర్పు కలదు, దోషమును కలదు. ఉడికింపని కత్తితో బొడ్డు కోయుటవలన ధనుర్వాతము సోకి ఎందరో పసికందులు మరణించిరి. కావుననే తరిఫీదు అవసరమని దొరతనమువారు తలచిరి. చెన్నపట్టణమున 1844లో ప్రసూతి ఆసుపత్రి వెలసెను. 1854లో అచ్చట మంత్రసానులకు శిక్షణ ఆరంభమయ్యెను.

ఇంగ్లాండు దేశమున 1902లో మంత్రసానుల చట్టము చేసిరి. అందు గమనింపదగిన ధర్మ మొకటి కలదు. పరీక్ష లేకపోయినను, అప్పటికే ఒక సంవత్సరమైన నిజముగా ఆ వృత్తి చేయుచు సత్ప్రవర్తన గల స్త్రీలను, నియమిత గడువులోపల పట్టికలో చేర్చుకొనిరి. పాతవారిని ఒక్క పెట్టున వెలివేయక, క్రొత్తవారికి మాత్రము పరీక్ష విధించిరి.

మన చెన్నరాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము 1926లో వచ్చెను. శిక్షణ పొందినవారి పేళ్లకు రిజిస్టరు ఏర్పడెను. ఇది గొప్ప మేలే. అయినను, అక్షరములు రాని పల్లె మంత్రసాని ఇల్లు విడిచి, పట్టణమున నిలిచి, పరీక్ష యెట్లు తేరగలదు? 1946లో భోర్ సంఘమువారు తమ నివేదికలో, సజీవముగా పుట్టిన వేయి మంది శిశువులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచున్నారనియు, శిక్షణ గల మంత్రసానులు దేశమంతటికి 5,000 మంది మాత్రమే యనియు తెలిపిరి. తగినంతమంది సమకూరువరకు పల్లె మంత్రసానులకే తరిఫీదు నిచ్చి పని జరుపుకొనవలెనని సూచించిరి.

ఇక రెండవ పుస్తకము సంగతి వినుడు. మన పల్లెలలో జననములను గ్రామమునసబు వ్రాయుచుండిన కాలము మీలో పెక్కుమంది యెరుగుదురు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము 10వ సెక్షనులో, కాన్పుకు తోడున్న మంత్రసాని ఆ జన్మమును నమోదు అధికారికి తెలుపుట ఆమె విధియని వ్రాసిరి. జనన సమాచార పత్రమునందును కాన్పు ఎవరు చేసిరను గడిలో సంప్రదాయ మంత్రసానికి చోటు కలదు. అనగా, బిడ్డను పట్టిన చేతికి బాధ్యతను చట్టము ముట్టజెప్పినది. మంత్రసానితనము ఒప్పుకొన్న పిదప ఏది వచ్చినను పట్టవలెనను సామెతను చట్టమే పాటించినట్లున్నది!

1977 గ్రామీణారోగ్య పథకమున మంత్రసానులకు 30 పనిదినముల తరిఫీదును, పనిముట్ల పెట్టెను, యోగ్యతాపత్రమును ఇచ్చిరి. కాన్పును ఆరోగ్యకేంద్రమున నమోదు చేయించినచో 10 రూపాయలు ముట్టుచుండెను. అది పత్రమే గాని రిజిస్టరులో స్థానము కాదు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి కాన్పులను ఆసుపత్రివైపు త్రిప్పెను. 2019-20 నాటి కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలెను. తల్లుల ప్రాణములు నిలుచుటకు ఇది మేలైన మార్పు, దానిని కాదనరాదు. 2018లో కేంద్రప్రభుత్వము నర్సులకు 18 మాసముల ప్రత్యేక ప్రసూతి శిక్షణ నిర్ణయించెను. 2023 నాటి జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమున ప్రసూతివృత్తి పేరు చట్టము పేరులోనే నిలిచెను. వృత్తికి గౌరవము దక్కినది. ఆ వృత్తిని ఇన్ని తరములు మోసిన పల్లె స్త్రీకి మాత్రము దక్కలేదు.

పెద్దలారా, మీ చేతనైనవి రెండు కలవు. దారిలోనో, ఇంటనో కాన్పు జరిగినచో 21 దినములలోపల నమోదు చేయింపుడు. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుటకును ఆ పత్రమే ఆధారము. మఱియొకటి, మీ ఊరి మంత్రసానుల పేళ్లును, వారు పనిచేసిన కాలమును తెలిసినంతవరకు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. అందరి పుట్టుకకు సాక్షిగా నిలిచినవారి పేరు ఎచ్చటను లేకుండుట ఊరికి శోభ కాదు.