వేరుశనగ తీపివంటల చరిత్ర

అమరకోశమునందు వేరుశనగకు పేరు లేదు. వైశ్యవర్గమున ధాన్యముల పేళ్ళు వరుసగా చదివినచో యవలు, నువ్వులు, మినుములు, శనగలు అన్నియు ఎదురగును గాని ఈ గింజ మాత్రము ఎచ్చటను కనబడదు. చరకుడు దీని గుణము చెప్పలేదు. సుశ్రుతుడు దోషమును చెప్పలేదు. ఊరూర తిరిగి ఆయా సీమల భోజనములను మెచ్చుకొనియో వెక్కిరించియో చాటువులు చెప్పినాడని ప్రసిద్ధికెక్కిన శ్రీనాథుడును దీనిని నోట వేసికొని యెఱుగడు. ఆయన పదునైదవ శతాబ్దిలోనే గతించెను. ఈ గింజ మహాసముద్రము దాటి వచ్చుట అటుపిమ్మటి మాట.

శ్రోతలారా, ఈ సంగతి మొదటనే మనవి చేయుటకు కారణము కలదు. మా దుత్తలూరు మెట్టప్రాంతమున ఇటీవల కొందఱు ఆడపిల్లలు వేరుశనగముద్దను బెల్లముతోను పిండితోను కలిపి ఇండ్లయందే బిస్కత్తులు కాల్చుచున్నారు. “ఇది మన పిండివంట కాదు, దొరలది, వేరుశనగ ఉండ యుండగా మనకు ఇదేల?” అని పెద్దలు కొందఱు ముఖము చిట్లించుచున్నారు. ఏది మనది, ఏది పరులది అను ప్రశ్న వ్యాకరణమున పుట్టినను వంటయింట పుట్టినను చిక్కైనదే. ఒక పదము దేశ్యమో అన్యదేశ్యమో తేల్చుటకు ముందు దాని పుట్టుక విచారింతుము గదా. వంటకమునకును అట్లే చేయవలెను.

ఈ మొక్క జన్మభూమి దక్షిణ అమెరికా. పెరూదేశపు లోయలయందు కొన్నివేల యేండ్ల క్రిందటనే దీనిని పండించి తినిరి. 1987లో ఆ దేశమున సిపాన్ అను గ్రామముకడ త్రవ్విన యొక రాజసమాధిలో వేరుశనగకాయల ఆకారమున చేసిన హారము దొరకినది. అందు కొన్ని కాయలు బంగారువి, కొన్ని వెండివి. మనము పేదవాని బాదముపప్పు అని చులకనగా చెప్పుకొను కాయ అచట రాజకంఠమునకు ఆభరణమై, ఆయనతోగూడ సమాధికేగెను.

మాకు పొరుగుననున్న ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఒకటిన్నర సంవత్సరము దాపున చుట్టుకొని యుండి, 1514లో గజపతులనుండి గైకొనెను. అచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి ప్రతిష్ఠించెను. పాఠశాలలో ఈ కథ చెప్పినప్పుడెల్ల, అంతకాలము కొండక్రింద దిగిన సైన్యము ఏమి తినెనని పిల్లలు అడిగెడివారు. చరిత్రపుస్తకములు వ్రాయువారికి తట్టని ప్రశ్నలు పిల్లలకు తట్టును. ఏమి తినినను వేరుశనగలు మాత్రము తినలేదని నిశ్చయముగా చెప్పవచ్చును. పోర్చుగీసువారు బ్రెజిలు తీరమున మొదట అడుగిడినదే 1500లో. ఆ తీరపు పంటలు మన తీరమున దిగి, మెట్టచేలవఱకు నడచివచ్చుటకు ఇంకను చాలకాలము పట్టినది.

వచ్చిన త్రోవను పేళ్ళే కొంత తెలుపుచున్నవి. తమిళులు దీనిని మణిలాక్కొట్టై యనియు నందురు. ఫిలిప్పీను దీవులలోని మనీలా రేవు ఆ పేరున నిలిచినది. వంగదేశీయులది చీనాబాదము. తెలంగాణమున పల్లీ యనుట హిందూస్తానీలోని మూంగ్‌ఫలీ తోక. రాయలసీమలో బుడ్డలు, మా సీమ వాడుకలో చెనక్కాయలు. సంస్కృతమున భూచణకమని తరువాతివారు కల్పించిరి. వేరుశనగ యను మన పేరులోనే చిన్న పొరపాటు లేకపోలేదు. కాయ వేరున కాయదు. పసుపుపచ్చని పువ్వు నేలపైననే పూచును. అది ఫలించిన పిమ్మట దానినుండి సన్నని ఊడ యొకటి క్రిందికి వంగి, మట్టిలోనికి దిగి, ఆ చీకటిలో కాయగా మాఱును. అందుచేతనే గట్టినేల దీనికి పనికిరాదు, ఊడ దిగవలెను. మా ఎఱ్ఱగరపనేలలు దీనికి తగినవగుటకు ఇదియే కారణము.

గింజ పరదేశపుదైనను దానితో చేసిన తీపి మాత్రము ఇచ్చటిదే. దానికి త్రోవ చూపినది నువ్వు. నువ్వులు వేయించి బెల్లముతో దంచిన చిమ్మిలియు, పాకము పట్టిన నువ్వుండయు మన యిండ్లలో తరతరములనుండి యున్నవి. నూనెగింజను వేయించుట, పొట్టు చెఱుగుట, బెల్లముతో కలిపి దంచుట యను మూడు పనులును తెలిసిన చేతికి క్రొత్త గింజ దొరకినది. ఆ చేయి క్రొత్త వంట నేర్చుకొనలేదు; పాత వంటలోనే క్రొత్త గింజను కూర్చుండబెట్టినది.

మా నాయనమ్మ మంగలములో ఇసుక పోసి కాచి, ఆ వేడి ఇసుకలో చెనక్కాయలను వేయించెడిది. గింజ మాడక లోపలివఱకు ఏకరీతిగా వేగుటకు ఇసుకను మించినది లేదు. చల్లారిన పిదప అఱచేతులతో నలిపి, చేటలో పొట్టు చెఱిగి, రోటిలో వేసి దంచును. మొదట అది రవ్వ యగును, పిదప పొడి, ఇంకను దంచినచో ఆ పొడి తడిసినట్లై, ముద్దకట్టి, రోకలికి అంటుకొనును. నీటిచుక్క పోయకయే తడి ఎక్కడనుండి వచ్చెనని బాల్యమున నాకు వింతగా నుండెడిది. “నూనె దిగినదిరా, ఇక బెల్లము తే” అనెడిది ఆమె. గింజ బరువులో ఇంచుమించు సగము నూనెయే యని నేను పుస్తకమున చదువుకొన్నది చాల యేండ్లకు. నేడు పీనట్ బటరని సీసాలలో అమ్మునది ఆ రోటిముద్దయే. దీనిని మనమే కనిపెట్టితిమని చెప్పబోను. రోలు ఉన్న ప్రతిదేశమునను, ఆ గింజ చేరిన మఱునాడే, ఎవరో యొక యిల్లాలు కనిపెట్టియేయుండును.

పాకము పట్టిన వేరుశనగమిఠాయి యింటికంటె తిరునాళ్ళలో ఎక్కువగా కనబడెడిది. మా మండలముననే యున్న నర్రవాడలో వెంగమాంబ పేరంటాలి ఉత్సవము జ్యేష్ఠమాసమున జరుగును. అచ్చటి అంగళ్ళలో బొరుగులప్రక్కన, జీళ్ళప్రక్కన, బెల్లపుపాకమున పప్పులు పొదిగిన అచ్చులు పేర్చియుండెడివి. ఆ పాకము చక్కగా కుదిరినదో లేదో తెలిసికొనుటకు చుక్కను నీటిలో వేసి, గట్టిపడినదానిని తీసి పళ్ళెముపై విసరెడివారు. ఖంగుమని మ్రోగినచో దింపవలెను. ఒక్క క్షణము ముందైనచో సాగును. తరువాతనైనచో మాడి చేదగును.

ఇక కొంచెము కష్టమైన మాట. పందొమ్మిదవ శతాబ్దిలో చెన్నపురి రాజధానియందు ఈ పంట వ్యాపించినది మన తీపికొఱకు కాదు, నూనెకొఱకు. పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సుదేశపు మార్సేల్సు నగరమునకు ఓడలకొలది గింజ వెళ్ళెను. అచట నూనెయు సబ్బును అయ్యెను. తిండివనము పరిశోధనక్షేత్రమునుండి 1940లో వెలువడిన టి.ఎం.వి. 2 అను విత్తనము తెలుగు మెట్టలలో చిరకాలము నిలిచినది. పంట పెరిగెను; మిల్లులు పెరిగెను. రైతు మేలైన కాయను బస్తాకెత్తెను. విత్తనమునకు కొంత దాచెను. మిగిలిన తాలును, ముడుతపడిన గింజయు, పగిలిన పప్పును వంటయింటికి వచ్చెను. కాయలు పెఱికిన చేలలో కూలివారి పిల్లలు మట్టి గెలికి పరిగె యేరుకొనెడివారు. వారింటి ఉండ ఆ పరిగె కాయలతోనే. పండించినవాని తీపి ఎప్పుడును మిగిలినదానితోనే చేయబడినది. ఈ సంగతికి మరల వత్తును.

ఇప్పుడు పడమటి దేశపు సాక్ష్యము. 1884లో ఎడ్సన్ అను కెనడావాడు వేరుశనగముద్ద చేయు పద్ధతికి అమెరికాలో హక్కుపత్రము పొందెను. 1895లో కెల్లాగ్ అను వైద్యుడు తన ఆరోగ్యశాలలోని రోగులకై మఱియొక విధమున ముద్ద చేసి హక్కు కోరెను. జార్జి వాషింగ్టన్ కార్వరు ఈ ముద్దను కనిపెట్టెనని తఱచుగా వ్రాయుదురు, అది సరికాదు. ఆయన చేసినది అంతకంటె గొప్పపని. బానిసగా పుట్టి పండితుడై, టస్కీగీ విద్యాలయమున ఆచార్యుడై, ప్రత్తివలన సారము చచ్చిన నల్లరైతుల పొలములకు వేరుశనగను ఔషధముగా చూపెను. ఇది గాలిలోని నత్రజనిని నేలకు తెచ్చి ఇచ్చు జాతి మొక్క. పండించుమని చెప్పి ఊరకుండక, పండినదానిని ఇంటిలో ఎట్లు తినవలెనో 1916లో ఒక చిన్న పుస్తకమున నూటయైదు విధములుగా వ్రాసి పంచెను. ఆ నూటయైదింటిలో వేరుశనగ బిస్కత్తులును కలవు. అందుచేత ఆ బిస్కత్తును దొరల వంట యనుట న్యాయము కాదు. దానిని ఇల్లిల్లు చేర్చుటకు పాటుపడినవాడు దొరలచేత అణపబడిన జాతివాడు. ఆయన వ్రాసినది ఎఱ్ఱమట్టి మెట్టలు దున్నుకొను పేదలకొఱకు. ఆ నేలలు చూచిన యెడల మా దుత్తలూరువాడు తన చేనే అనుకొనును. బిస్కత్తుపై ముల్లుగరిటెతో అడ్డముగను నిలువుగను నొక్కు గీతలు మాత్రము తరువాతివి. 1933లో అచ్చటి పిండిమరల కంపెనీ యొకటి అచ్చువేసిన వంటపుస్తకమున అవి కానవచ్చును. అది ఒట్టి అలంకారము కాదు. ఈ ముద్ద బరువైనది, తనంతట పరచుకొనదు. నొక్కినగాని మధ్యభాగము కాలదు.

మన దేశమున బిస్కత్తు లేకపోలేదు. సూరతులో డచ్చివారు విడిచిపోయిన రొట్టెల కొలిమినుండి నాన్‌ఖటాయి పుట్టెనని అచ్చటివారు చెప్పుకొందురు. హైదరాబాదున ఉస్మానియా బిస్కత్తు టీతో జంటగా వెలసినది. కాని సామాన్యుల యింట కొలిమి లేదు; మన పొయ్యి క్రిందినుండియే వేడినిచ్చును. అందుచేత మా యౌవనమున పట్టణవాసులు పిండి, చక్కెర, డాల్డా డబ్బాలలో పోసికొని బేకరీకి కొనిపోయి, కాల్చుకూలి యిచ్చి, బిస్కత్తులు డబ్బానిండ తెచ్చుకొనెడివారు. ఆ డాల్డా 1937లో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. ఆ తొలిదినములలో అట్టి వనస్పతికి ముఖ్యమైన ముడిసరుకు వేరుశనగనూనె. అనగా మన చేనిగింజ మిల్లుకు పోయి, గడ్డకట్టి, మాఱువేషమున బిస్కత్తులోనికి తిరిగివచ్చినది. ఇప్పుడు ఆడపిల్లలు చేయుచున్నది ఆ వేషమును తీసివేయుట మాత్రమే.

కావున నా తీర్పు ఇట్లున్నది. ఉండయందు పద్ధతి మనది, గింజ పరదేశపుది. బిస్కత్తునందు గింజ మనదైపోయినది, కొలిమి పద్ధతి పరదేశపుది. ఒకదానిని లోనికి రానిచ్చి మఱియొకదానిని వాకిట నిలుపుటకు నాకు శాస్త్రము కనబడలేదు. పితృకార్యములలో మాత్రము మా యింట వేరుశనగ వాడము. మహారాష్ట్రులో ఏకాదశి ఉపవాసమునకే దీనిని తిందురు. శాస్త్రము ఎఱుగని వస్తువును ఆచారము తనకు తోచినట్లు కూర్చుండబెట్టును.

అయితే మరల వత్తునన్న మాట యొకటి మిగిలినది. 1960లో ఇంగ్లండున లక్ష సీమకోళ్ళు కారణము తెలియక చచ్చెను. విచారింపగా వాటికి పెట్టిన వేరుశనగ తెలకపిండిలో బూజువిషము బయటపడినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను ఆ బూజు పేరునుండియే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అను పేరు వచ్చినది. అది కాలేయమును చెఱచును, పుండు పుట్టించును. వేయించినంత మాత్రమున పూర్తిగా పోదు. పంట ముదురువేళ వాన లేక ఎండిన చేలలోను, పగిలిన కాయలలోను, ముడుతగింజలోను అది ఎక్కువ. అనగా మేలైనదానిని అమ్మి, మిగిలినదానిని పిల్లలకు ఉండకట్టు మా మెట్టసీమ అలవాటే ప్రమాదమునకు చోటు. ఉండ గొప్పదా, బిస్కత్తు గొప్పదా యని వాదించుకొను పెద్దలు చేటలోనికి ఏ గింజ వచ్చినదో చూచుట లేదు.

మా వీధిలోని ఆడపిల్లలు ఇట్లు చేయుదురు. బస్తాకు ఎత్తకముందే ఇంటికొఱకు నిండుకాయలు కొన్ని వేఱుగా తీసి బాగుగా ఎండబెట్టెదరు. పప్పును పళ్ళెములో పఱచి నల్లబడినది, పచ్చబూజు పట్టినది, ముడుతది ఏరి పాఱవేయుదురు, కోళ్ళకును వేయరు. రెండు గ్లాసుల పప్పు వేయించి, పొట్టు తీసి, నూనె దిగువఱకు నూఱి, గ్లాసు బెల్లపు తురుము, గ్లాసు జొన్నపిండి, మూడు చెంచాల నేయి, చిటికెడు ఉప్పు, చిటికెడు సోడా చేర్చి ఉదయగిరి చెక్కగరిటెతో కలుపుదురు. గట్టిగా నున్నచో చెంచాడు పాలు చిలుకరింతురు. గ్రుడ్డు వేయరు. మందపు గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి, పావుగంట కాచి, అందులో స్టాండుపై పళ్ళెముంచి, చిన్న బిళ్ళలుగా నొక్కి, సన్నని మంటపై ఇరువది నిమిషములు కాల్తురు. తీసినప్పుడు మెత్తగా నుండును. అప్పుడే చేతబట్టరాదు, విఱుగును. చల్లారినపిమ్మట గట్టిపడును. కొందఱు బిడ్డలకు ఈ గింజ బొత్తిగా పడదు. పెదవులు వాచును, ఊపిరి ఆడదు. కావున పొరుగింటి బిడ్డకు పెట్టుటకు ముందు తల్లిని అడుగుదురు.